బాతుకో బోర్డు

ఆ గురువారం పొద్దున ఆర్లీన్ కుచెరా అయిదింటికే లేచి, ఆల్బకరా ముద్ద పెట్టినవి ఇరవై, గసగసాలు పెట్టినవి ఇరవై, మొత్తం నలభై కొలాచీ బన్నులు కాల్చి, వాటిని వరండాలో బల్ల మీద పెట్టి గుడ్డ కప్పి, నిచ్చెన భుజాన వేసుకుని బాతు ముక్కుకు రంగు వేయడానికి బయలుదేరింది. ఆమెకు డెబ్బై రెండేళ్ళు. నిచ్చెనలు ఎక్కవద్దని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. ఆ డాక్టరు మీద కూడా ఆమెకు కోపమే.

ఆ రోజుకు ఆమె వేసుకున్న పథకం చాలా మామూలుది. పదింటికి రాజధాని నుంచి రోడ్ల శాఖ ఉద్యోగి ఫెయిర్‌క్లాత్ అనే ఆయన వస్తాడు. బాతును చూస్తాడు. రెండు కొలాచీలు తింటాడు. ఇది చూడదగ్గ వింతే, దీనికి హైవే మీద గోధుమరంగు బోర్డు పెట్టవచ్చు అని కాగితం మీద సంతకం చేసి, పన్నెండింటిలోగా వెళ్ళిపోతాడు. ఇందులో చెడిపోవడానికి ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కాని మా హోలబ్ జనాభా మూడు వందల పన్నెండు. ఆ మూడు వందల పన్నెండు మందీ సాయం చేయడానికి పూనుకుంటే ఎంత చిన్న పనైనా చెడి తీరుతుంది.

బాతు సంగతి చెప్పాలి. ఆర్లీన్ మొగుడు లెనర్డ్ పదకొండేళ్ళు కష్టపడి, ఇంటి వెనక వాగు మలుపులో, చెట్ల గుబురు మధ్య కట్టిన సిమెంటు బాతు అది. పద్దెనిమిది అడుగుల ఎత్తు. ఎందుకు కడుతున్నావని ఎవరైనా అడిగితే "బావుంటుందని" అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. లెనర్డ్ పోయి ఆరేళ్ళయింది. బాతు మిగిలింది. మొన్న ఏప్రిల్‌లో ఊరి సంఘం కూర్చుని, ఆ మలుపులో ధాన్యం లారీలు తిరగడం లేదు కాబట్టి బాతును పగలగొట్టి రోడ్డు వెడల్పు చేయాలని తీర్మానించింది. ముగ్గురు ఔనన్నారు, ముగ్గురు కాదన్నారు. పగలగొట్టాలని ఏడో ఓటు వేసిన పెద్దమనిషి డెల్బర్ట్ కుచెరా, అంటే సాక్షాత్తూ లెనర్డ్ తమ్ముడు. ధాన్యం గోదాముకు మేనేజరూ అతనే, ఊరి సంఘానికి అధ్యక్షుడూ అతనే, మంటలార్పే దళానికి నాయకుడూ అతనే. మా ఊళ్ళో మనుషుల కంటే పదవులు ఎక్కువ.

ఆర్లీన్ ఆ సమావేశంలో కుర్చీ ఎత్తింది. విసరకుండా ఇద్దరు పట్టుకున్నారు. ఆ భయానికే కాబోలు సంఘం ఒక వెసులుబాటు ఇచ్చింది. ఆగస్టు పదిహేనులోగా ప్రభుత్వం దీన్ని చూడదగ్గ స్థలంగా ఒప్పుకుంటే బాతును ముట్టుకోరు. ఒప్పుకోకపోతే ఆ పై సోమవారం యంత్రం వస్తుంది. ఈ గురువారం పద్నాలుగో తేదీ.

దారిలో పొరపాటు జరగకూడదని ఆర్లీన్ ఫెయిర్‌క్లాత్‌కు స్వయంగా రెండు పేజీల ఉత్తరం రాసింది. ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసులో పనిచేసిన మనిషి, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. "హైవే దిగాక లూథరన్ బడి దగ్గర ఎడమకు తిరగండి. వ్రానా గారి గాలిమర దాటాక కుడికి. ఇనప వంతెన వచ్చిందంటే మీరు ఎక్కువ దూరం వచ్చేసినట్టు. మా బాతు ఐసు కొట్టు పక్కనే" అని రాసింది.

లూథరన్ బడిని కూల్చి ఇరవై ఏళ్ళయింది. వ్రానా గాలిమర నా చిన్నప్పటి సుడిగాలికి ఎగిరిపోయింది. వంతెనను వరద తీసుకుపోయింది. ఇళ్ళల్లోకి ఫ్రిజ్‌లు వచ్చిన మరుసటేడే ఐసు కొట్టు మూతపడి, కలపకు పోయింది. ఈ ఉత్తరంలో తప్పుందని మాత్రం మా ఊళ్ళో ఒక్కరికీ తోచదు. ఉన్నవాటిని పట్టుకుని దారి చెప్పడం మాకు అలవాటు లేదు. ఉన్నది ఎలాగూ కనపడుతుంది కదా, దాన్ని మళ్ళీ చెప్పడమెందుకు?

పది అయింది. పదిన్నర అయింది. ముక్కుకు వేసిన నారింజ రంగు ఆరిపోయింది. పావుతక్కువ పదకొండుకు ఆర్లీన్ ఇంట్లోకి వెళ్ళి, ఊళ్ళో హోటలు నడిపే మావిస్‌కు ఫోను చేసింది.

"ఒసే మావిస్, రాజధాని నుంచి ఎవరైనా వచ్చారా అటు?"

"వచ్చాడే! తెల్లకారు, నీలం టై. తొమ్మిదిన్నరకే వచ్చాడు. పాపం, నీ ఉత్తరం చేత్తో పట్టుకుని లూథరన్ బడి కోసం అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాట్ట."

"ఎదురుగా ఉంటే ఎలా తిరుగుతాడే? కళ్ళు లేవూ?"

"అదే నేనూ అన్నా. సరేలే అని కూర్చోబెట్టి యాపిల్ పై పెట్టా. వద్దన్నాడు. వద్దంటే ఊరుకుంటామా? రెండో ముక్క కూడా పెట్టా."

"నా కొలాచీలు తినాల్సిన మనిషికి నీ పై ఎందుకే పెట్టావు? సరే, దారి చెప్పావా?"

"చెప్పకేం? ఎర్రకొట్టం దాకా తిన్నగా పోయి, దాని వెనకనుంచి తిరగమన్నా. దగ్గర దారి."

"ఎర్రకొట్టం వైపు పంపావా? నీకు బుద్ధుందా అసలు?"

ఎర్రకొట్టం మావిస్ పెళ్ళయిన ఏడు కాలిపోయింది. ఆర్లీన్ కోపం అందుకు కాదు. ఆ రోడ్డు నిండా గుంతలని. ఫోను పెట్టేసి, తాళాలు తీసుకుని, పికప్ ట్రక్కు ఎక్కి అతన్ని వెతకడానికి బయలుదేరింది. ఇంట్లో కూర్చుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కాని కోపం వచ్చిన ఆర్లీన్ కూర్చోవడం మేమెవరమూ చూడలేదు.

మొక్కజొన్న తలెత్తు దాటి ఎదిగి ఉంది. ఆగస్టులో మా రోడ్ల మీద పక్క రోడ్డులో పోయేది కారో ఆవో తెలియదు. ఎర్రకొట్టం మలుపులో రూడీ హ్లావాచ్ ట్రాక్టరు ఆపుకుని, దానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎనభై ఏళ్ళవాడు. పొలంలో పని లేదు, ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరు. రోజూ ఆ మలుపులో ఎవరైనా దొరుకుతారేమోనని చూస్తుంటాడు.

"రూడీ! తెల్లకారు చూశావా?"

"చూడకేం! మంచి కుర్రాడు. ఇనప వంతెన దగ్గరకు పంపించా."

"వంతెన దాకా ఎందుకు పంపించావయ్యా మహానుభావా?"

"అతనే అడిగాడమ్మా. వంతెన వచ్చిందంటే ఎక్కువ దూరం వచ్చినట్టు అని నువ్వే రాశావటగా. ముందు వంతెన పట్టుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటానన్నాడు. చదువుకున్నవాడు, తెలివి చూడు!"

"మరి అంతసేపు ఏం చేశాడిక్కడ?"

"వరద గురించి చెప్పా. వంతెన ఎలా కొట్టుకుపోయింది, దాంతోపాటు మా నాన్న ఆంబోతు ఎలా కొట్టుకుపోయింది, అంతా. అరగంట పట్టింది. చాలా శ్రద్ధగా విన్నాడు."

"విన్నాడా? వెళ్ళనివ్వలేదా?"

"కారు తలుపు నేను పట్టుకున్నాలే" అన్నాడు రూడీ, సంతోషంగా.

ఆర్లీన్ పళ్ళు నూరుకుంటూ వాగు దాకా పోయింది. అక్కడ వంతెన లేదు, కారు లేదు. ఒడ్డు మట్టిలో టైర్ల గుర్తులున్నాయి. ఒక మనిషి దిగి, అటూ ఇటూ చాలాసేపు నడిచి, ఒకచోట నిలబడిపోయిన బూట్ల గుర్తులు కూడా ఉన్నాయి. పాపం అనుకోవలసింది పోయి ఆమె ఆ గుర్తుల మీద కూడా కోప్పడింది.

తిరిగి ఇంటికి వచ్చేసరికి వీధి తలుపుకు ఒక కార్డు గుచ్చి ఉంది. "పదకొండు ఇరవైకి వచ్చాను. తలుపు కొట్టాను. ఎవరూ లేరు. ఐసు కొట్టు ఎంత వెతికినా కనపడలేదు, కనక బాతును చూడలేకపోయాను. ఊళ్ళోకి వెళ్ళి మళ్ళీ దారి అడుగుతాను. ఫెయిర్‌క్లాత్." ఇంటి పక్కనుంచి పాతిక అడుగులు వెనక్కి నడిస్తే బాతు నెత్తిన పడేది. అతను ఐసు కొట్టు కోసం వెతికాడు.

ఆర్లీన్ బల్ల మీద గుడ్డ తీసి చూసింది. నలభై కొలాచీలు నలభైగానే ఉన్నాయి. ఒక్కటీ ముట్టుకోలేదు. ఆ క్షణంలో ఆమెకు మావిస్ మీద వచ్చిన కోపం రాయడానికి పనికిరాదు.

అదే సమయానికి డెల్బర్ట్ ట్రక్కు ఇంటి ముందు ఆగింది. అతను టోపీ తీసి చేత్తో పట్టుకుని దిగాడు. ఏప్రిల్ నుంచి వదినగారి వాకిట్లోకి టోపీతో రావడానికి అతనికి ధైర్యం చాలడం లేదు.

"వదినా, ఆ రాజధాని మనిషి ఇంకా..."

"ఎక్కడ దాచావు?"

"నేనా? నేనెందుకు దాస్తాను వదినా?"

"ఓటేసిన చెయ్యి ఏదీ, ఇలా చూపించు. కుడిదా, ఎడమదా? అన్న కట్టినదాన్ని కూల్చమని ఎత్తిన చెయ్యి ఇంకా ఊడిపోకుండా ఎలా ఉందో చూస్తాను!"

"లారీలు తిరగటంలేదు వదినా. నాకేమన్నా సరదానా? ఆ రోజు నుంచీ నాకు అన్నం సయించడం లేదు."

"పొట్ట చూస్తే తెలుస్తూనే ఉంది."

డెల్బర్ట్ టోపీని రెండు చుట్లు తిప్పాడు. అతను చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఇంత నష్టం జరిగేది కాదు. "ఒక పని చేస్తా. సైరన్ మోగిస్తా. ఎక్కడున్నా ఆ చప్పుడు విని ఊళ్ళోకి వస్తాడు కదా. పట్టుకుని నేనే తీసుకొస్తా. మా అన్న బాతుని ఆయనకి నేనే చూపిస్తా. సరేనా?"

"ఏమన్నా చేసుకో. ముందు నా కళ్ళముందునుంచి పో!"

దీన్ని డెల్బర్ట్ అనుమతి అనుకున్నాడు.

మా ఊళ్ళో సైరన్ రోజూ సరిగ్గా పన్నెండింటికి ఒకసారి మోగుతుంది. మేం గడియారాలు సరిచేసుకుని భోజనానికి లేస్తాం. ఇంకెప్పుడైనా మోగిందంటే ఊరికి సుడిగాలి వస్తున్నట్టు, మంటలార్పే దళానికి ఎక్కడో మంట లేచినట్టు. ఆ మధ్యాహ్నం అది పన్నెండూ నలభైకి మోగింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆకు కదలడం లేదు. తలెత్తి ఒకసారి పైకి చూస్తే సరిపోయేది. ఒక్కరూ చూడలేదు. సైరన్ మోగితే పరుగెత్తడమే గాని పైకి చూడడం మాకు నేర్పలేదు. ఊరు ఊరంతా చర్చి నేలమాళిగలోకి దిగిపోయింది.

నాలుగు రోడ్ల కూడలిలో కారు ఆపుకుని, కిటికీలోంచి తల బయటపెట్టి, లూథరన్ బడి ఎక్కడా అని ఆఖరిసారి అడగబోతున్న ఫెయిర్‌క్లాత్‌ను మావిస్ టై పట్టుకుని లాక్కుపోయింది. "ప్రాణాలు దక్కితే తర్వాత చూద్దువుగాని నాయనా, పద!" అంది.

నేలమాళిగలో ఆడవాళ్ళు అలవాటు ప్రకారం ఫ్రీజరు తెరిచారు. ప్రళయం వచ్చినా మనిషి ఖాళీ కడుపుతో పోకూడదని మా వాళ్ళ పట్టుదల. ఫెయిర్‌క్లాత్ ఒళ్ళో ఒక పళ్ళెం, చేతిలో ఒక గిన్నె. ఒక పక్క మావిస్ బంగాళాదుంపల కూర వడ్డిస్తోంది. మరో పక్క రూడీ, పారిపోవడానికి వీల్లేని శ్రోత దొరికాడని, గాలిమర ఎగిరిపోయిన సుడిగాలి గురించి మొదలుపెట్టాడు.

ఇక డెల్బర్ట్. సైరన్ మోగించి బయటికి వచ్చేసరికి తన దళంలోని నలుగురూ తోలు కోట్లు తొడుక్కుని ఫైరింజను ఎక్కి సిద్ధంగా ఉన్నారు. ఎక్కడ మంట అని అడిగారు. ఎక్కడా లేదు, అతిథి కోసం మోగించాను అని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. "చర్చికి పదండి" అన్నాడు. చర్చిలో మంటలనుకుని వాళ్ళు గంట కొట్టుకుంటూ అక్కడికి తోలారు. డెల్బర్ట్ మెట్లు దిగి నేలమాళిగ మధ్యలో నిలబడ్డాడు.

"ఫెయిర్‌క్లాత్ గారెవరండీ?"

ఫెయిర్‌క్లాత్ నోట్లో కూర ఉండడం వల్ల చెయ్యెత్తాడు.

"రండి సార్, బాతును చూపిస్తాను. సుడిగాలి ఏమీ లేదు. మీకోసమే మోగించాను."

నేలమాళిగలో అందరి తలలూ డెల్బర్ట్ వైపు తిరిగాయి.

"మోగించావా? నువ్వా?" మావిస్ గరిటె పైకెత్తింది. "పొయ్యిలో ఆరు పైలు వదిలేసి వచ్చాను కదరా, నీ మొహం మండా!"

ఆ తర్వాత ఎవరు ఏమన్నారో విడదీసి చెప్పడం కష్టం. డెల్బర్ట్ ఫెయిర్‌క్లాత్ భుజం పట్టుకుని మెట్లెక్కి, ఫైరింజను ముందు సీట్లో కూర్చోబెట్టి తలుపు వేశాడు. ఊరంతా ఎవరి ట్రక్కుల్లో వాళ్ళు వెనక పడ్డారు. బాతును చూడడానికి కాదు. డెల్బర్ట్‌ను తిట్టడం ఇంకా పూర్తికాలేదని.

ఆ విధంగా మధ్యాహ్నం రెండింటికి ఆర్లీన్ వాకిట్లోకి ఒక ఫైరింజను, దాని వెనక ముప్పై రెండు వాహనాలు వచ్చాయి. ఆమె బాతు కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. ముందు సీట్లో నీలం టై కనపడగానే ఉదయం నుంచి మొదటిసారి ఆమె ముఖం విప్పారింది. చేత్తో జుట్టు సర్దుకుంది. కొలాచీల పళ్ళెం తెమ్మని ఎవరికో సైగ చేసింది.

డెల్బర్ట్ అంతటితో ఆగితే బాగుండేది. అతిథికి బాతు ముఖం ఎదురుగా, ఎండ పడుతుండగా కనపడాలని అతనికి తోచింది. ఇంజన్ని మలుపులో వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. వెనక నిలబడి దారి చూపించే బాధ్యత రూడీ తీసుకున్నాడు.

"రా... రా... ఇంకా రా... చాలా చోటుంది, ఇంకా రా... ఆగు!"

ఆగు అన్నమాట చప్పుడు తర్వాత వచ్చింది. నిచ్చెన మోసే ఇనపచట్రం బాతు మెడకు తగిలింది. ఇన్నేళ్ళు గాలికీ వడగళ్ళకూ చెక్కుచెదరని మెడ ఒకసారి పటపటమని, తల విడిపోయి, గడ్డిలో దొర్లి, సరిగ్గా ఆర్లీన్ కాళ్ళ దగ్గరకు వచ్చి ఆగింది. నారింజ రంగు ముక్కు ఆమె వైపే ఉంది.

మూడు వందల మందీ రెండడుగులు వెనక్కి వేశారు.

"చూశారా, ఈ మలుపులో పెద్దబండ్లు తిరగవని నేను ముందునుంచీ..." అంటూ దిగబోయిన డెల్బర్ట్, వదినగారి ముఖం చూసి మళ్ళీ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఆర్లీన్ అరవలేదు. అదే అందరినీ భయపెట్టింది. ఆమె వంగి, తెగిన మెడలోకి చూసింది. సిమెంటు లోపల గట్టిదనానికి లెనర్డ్ పెట్టిన ఇనుమంతా బయటపడి ఉంది. మంచం స్ప్రింగులు, గుడ్లు గిలకొట్టే మిషను, ఒక పెద్ద వేపుడు మూకుడు, జల్లెడ. అన్నీ ఆమె ఇంట్లోవే.

"ఈ మూకుడు పోయిందని డెల్బర్ట్ పెళ్ళాంతో ఎనిమిదేళ్ళు మాట్లాడలేదు నేను" అంది మెల్లగా. ఆ తర్వాత అరిచింది. "లెనర్డ్! ఇంత మోసమా!"

ఫెయిర్‌క్లాత్ ఇంజను దిగి, టై సర్దుకుని, చంకలోంచి ఒక కాగితం తీశాడు. పాతికేళ్ళ మర్యాదస్తుడు. పొద్దుటి నుంచి అతను ఏమీ అనలేదు, ఎవరూ అననివ్వలేదు కూడా.

"మేడమ్, తల ఊడిందని కాదుగాని, ఊడకపోయినా నేను సంతకం చేయలేకపోయేవాణ్ణి. ఇది మూడో ప్రశ్న చూడండి. 'ఊరివారు దారి చెప్పేటప్పుడు దీన్ని గుర్తుగా చెబుతారా? కనీసం ముగ్గురు, తమంత తాముగా.' పొద్దుటి నుంచి పద్నాలుగు మందిని దారి అడిగాను. అందరూ చెప్పారు. గాలిమర అన్నారు, కొట్టం అన్నారు, వంతెన అన్నారు. బాతు అని ఒక్కరూ అనలేదు. మీ ఉత్తరంలో కూడా బాతును చేరడానికి ఐసు కొట్టు గుర్తు రాశారుగాని..."

ఇది విన్నాక ఆర్లీన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ముందు ఊరి వైపు తిరిగింది.

"పద్నాలుగు మంది! పద్నాలుగు మందిలో ఒక్కడికి నోరు రాలేదా? రోజూ దీని పక్కనుంచే పోతారు, దీని నీడలో ట్రక్కులాపుకుని మూత్రాలు పోస్తారు, కాలిపోయిన కొట్టం గుర్తుంది గాని ఇది గుర్తు లేదా?"

తర్వాత ఫెయిర్‌క్లాత్ వైపు తిరిగింది.

"ఇదంటే నాకిష్టమనుకుంటున్నావా నువ్వు? అసహ్యం! పదకొండేళ్ళు మాకు ఆదివారం లేదు, పండగ లేదు. ఒక్కసారి సముద్రం చూపించవయ్యా అంటే ముక్కు అయిపోనీ అన్నాడు. ముక్కయింది, మనిషే అయిపోయాడు. చర్చి వెనక రాయి కింద ఉన్నాడంటారు. అక్కడికెళ్తే నాకు ఒక్క మాటా రాదు. పొద్దున్నే వంటింటి కిటికీ తీసి దీన్ని నాలుగు తిడితే గాని నాకు కాఫీ దిగదు. ఆరేళ్ళనుంచి అదే నా కాపురం. సోమవారం దీన్ని పిండి చేసి ఎత్తుకుపోతే, మంగళవారం పొద్దున నేనెవర్ని తిట్టుకోను? చెప్పు! నీ కాగితంలో రాసుందా అది?"

ఫెయిర్‌క్లాత్ కాగితం వైపు నిజంగానే చూశాడు. లేదని తలూపాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. కొంత ఆమె మాటలకు, కొంత ఉదయం నుంచి తిన్న తిండికి.

ఇంజను లోపల కూర్చున్న డెల్బర్ట్‌కు ఏదైనా చేయకపోతే ప్రాణం నిలవని పరిస్థితి వచ్చింది. రేడియో తీసి, పక్క ఊళ్ళో క్రేను ఉన్న ఆర్డెల్‌ను పిలిచాడు. అద్దాలు దించి ఉండడంతో మాటలన్నీ బయటికి వినిపించాయి.

"ఆర్డెల్, క్రేను తీసుకుని వెంటనే రా. ఎక్కడికేమిటి, మా వదిన ఇంటికి. హైవే దిగి తిన్నగా రా. బాతు తల ఉండేది చూడు, అక్కడ కుడికి తిరుగు."

ఫెయిర్‌క్లాత్ తలెత్తాడు.

"అలా చెప్తే వాడికేం తెలుస్తుందిరా? తే ఇలా" అని రూడీ కిటికీలోంచి చెయ్యి పెట్టి రేడియో లాక్కున్నాడు. "ఆర్డెల్! నేను, రూడీని. కుడికి కాదు. నువ్వు పడమటినుంచి వస్తావు కదా? బాతు తల ఉండేదే, అది దాటి ముందుకొచ్చి ఎడమకి తిరుగు."

ఫెయిర్‌క్లాత్ జేబులోంచి కలం తీశాడు.

"దాటితే వాగులో పడతాడయ్యా ముసలాయనా!" మావిస్ గరిటెతో అతని చెయ్యి పక్కకు తోసింది. "ఆర్డెల్, వీళ్ళ మాట వినకు. ఎర్రకొట్టం వెనకనుంచి వచ్చి, బాతు తల ఉండేచోటికి ముందే ఆపు. అర్థమైందా? తల ఉండేచోటికి ముందే!"

ఆర్లీన్ ఇంకా ఆగలేకపోయింది. ముగ్గురినీ మోచేత్తో నెట్టి రేడియో తీసుకుంది. "ఒక్కడికి దారి చెప్పడం చేతకాదు ఈ ఊళ్ళో! ఒరే ఆర్డెల్, బుర్ర పెట్టి విను. వాగు వెంబడి రా. బాతుకి తల ఉండేదా? సరిగ్గా దాని కిందే ఆపు. లూథరన్ బడి దాకా పోయావో, చంపేస్తాను!"

అవతల నుంచి ఆర్డెల్ గొంతు ప్రశాంతంగా వచ్చింది. "ముందే ఆ మాట చెప్తే సరిపోయేది కదమ్మా. ఇప్పుడు తెలిసింది. వస్తున్నా."

ఫెయిర్‌క్లాత్ కాగితాన్ని ఫైరింజను బానెట్ మీద పరిచి రాస్తున్నాడు. "ముగ్గురు. తమంత తాముగా. నాలుగో ఆవిడ యజమాని, ఆవిడను లెక్కలోకి తీసుకోను" అని తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు.

"తల లేదుగా సార్?" అన్నాడు డెల్బర్ట్, అద్దంలోంచి, చాలా చిన్న గొంతుతో.

"తల ఉండాలని ఇందులో ఎక్కడా లేదు" అన్నాడు ఫెయిర్‌క్లాత్, సంతకం చేస్తూ.

ఆర్లీన్ ఆ సంతకం వైపు చూసింది, గడ్డిలో ఉన్న తల వైపు చూసింది. ఏడుస్తుందేమోనని మావిస్ దగ్గరకు వెళ్ళింది. "ఏమే, నా చేతికి పళ్ళెం ఇవ్వు, అలా చూస్తావేం? ఈ మనిషి పొద్దుటినుంచి నా కొలాచీ ఒక్కటైనా ముట్టలేదు" అని ఆర్లీన్ గర్జించింది. ఫెయిర్‌క్లాత్ గసగసాలవి రెండు, ఆల్బకరావి రెండు తిన్నాడు. ఎలా తిన్నాడో ఆ దేవుడికే తెలియాలి.

యంత్రం సోమవారం రాలేదు. ధాన్యం లారీలు ఇప్పుడు మూడు మైళ్ళు చుట్టు తిరిగి పోతున్నాయి, దానికి డెల్బర్ట్ నోరెత్తడం లేదు. తలను మళ్ళీ అతికిస్తామని సంఘం వాళ్ళు సెప్టెంబరులో సిమెంటుతో సహా వచ్చారు. ఆర్లీన్ చీపురు తీసుకుని వాళ్ళను రోడ్డు దాకా తరిమింది. "అతికించారో, మళ్ళీ ఒక్కడు దాని పేరెత్తడు!" అంది. తలను వంటింటి కిటికీ కింద పెట్టించుకుంది. తిట్టడానికి దగ్గరగా ఉంటుందట.

అక్టోబరులో హైవే మీద గోధుమరంగు బోర్డు పెట్టారు. దాని మీద వేసిన బాతు బొమ్మకు తల ఉండడం చూసి, ఆర్లీన్ రోడ్ల శాఖకు రెండు పేజీల ఫిర్యాదు రాసి పోస్టులో పడేసింది.